కాటేసింది ఒక పాము, కర్ర దెబ్బ ఇంకో పాముకి

నడక నేర్చుకునే పిల్లాడు గడప తట్టుకుని పడతాడు. వీధి చివరిదాకా వినిపించే ఏడుపు. మనం పరుగున వెళ్ళి ఎత్తుకుని మొదట అనే మాటేంటి? "ఎవరు కొట్టారు నా బంగారాన్ని? ఈ గడపేనా? ఉండు, దీని పని చెప్తా" అని అరచేత్తో గడప మీద నాలుగు వేస్తాం. వాడు కళ్ళలో నీళ్ళు అలా ఉండగానే కిసుక్కుమని నవ్వి, తనూ ఒకటి వేస్తాడు. మోకాలు ఇంకా ఎర్రగానే ఉంది, గడపకి పోయిందేమీ లేదు, అయినా ఏడుపు ఆగింది. ఇంత త్వరగా పనిచేసే మందు మరొకటి లేదు. మన కథల్లో సగం ఈ మందు మీదే నడుస్తున్నాయని నా అనుమానం.

పగ తీర్చుకునే కథలంటే మనకి ఇష్టం. నాకూ ఇష్టమే, దాచుకోవడమెందుకు. రాత్రి సీరియల్ చూస్తూ చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటానా, ఆ ఆడపడుచు చెంప మీద ఒక్కటి పడగానే చేతిలో కాయ అలాగే ఉండిపోతుంది. మూడు వారాలుగా దానికోసమే చూస్తున్నాం మరి! ఇక సినిమాల సంగతి చెప్పనే అక్కర్లేదు. చిన్నప్పుడు తండ్రిని చంపినవాణ్ణి పెద్దయ్యాక కొడుకు చంపేస్తాడు, శుభం కార్డు పడుతుంది, "తగిన శాస్తి జరిగింది" అనుకుంటూ మనం లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటాం. ఆ 'తగిన శాస్తి' అన్న మాట దగ్గరే నాకు కాసేపు ఆగాలనిపిస్తుంది. మనకి కలిగిన తృప్తి నిజమే. కానీ అది న్యాయం జరిగిన తృప్తా, లేక ఏడుపు ఆగిన తృప్తా?

1985లో టి. కృష్ణ గారు తీసిన 'ప్రతిఘటన' గుర్తుందా? విజయశాంతి లెక్చరర్. చివర్లో ఆమె ఎత్తిన గొడ్డలి గురించి మా పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ సినిమాని తప్పుపట్టడానికి ఎత్తలేదు నేను, ఆడదాని కోపాన్ని అంత గట్టిగా చూపించిన సినిమాలు మనకి ఎన్ని ఉన్నాయి గనక. కానీ కథ చెప్పడంలో నేర్పు చూడండి. ఒక్కో తలుపూ మూసుకుంటూ వస్తారు. పోలీసుల వల్ల కాదు, కోర్టు వల్ల కాదు, సొంతవాళ్ళ వల్లా కాదు. అన్నీ మూశాక మిగిలేది గొడ్డలి ఒక్కటే. పైగా జరిగిన దారుణం మనకి ముందే చూపించేశారు. ఎవడు చేశాడో, ఎందుకు చేశాడో, మన కళ్ళతో మనమే చూశాం. అక్కడ సాక్షులం మనమే, జడ్జీలం కూడా మనమే. అనుమానానికి చోటే ఉండదు. పగ కథలన్నిటికీ ఉన్న బలం ఇదే.

మన ఇంట్లో ఎప్పుడైనా అలా జరుగుతుందా చెప్పండి. నేను పొయ్యి దగ్గర ఉంటాను, పిల్లలిద్దరూ హాల్లో. పోట్లాటలో మొదటి దెబ్బ చాటుగా పడుతుంది, దానికి చప్పుడుండదు. గిల్లడమో, పుస్తకం లాక్కోవడమో, ఓ ఎగతాళి మాటో. వంటింటిదాకా వినిపించేది ఎప్పుడూ రెండో దెబ్బే. అట్లకాడ పట్టుకుని వెళ్ళేసరికి చేయి ఎత్తి దొరికిపోయేది ఆ రెండో దెబ్బ కొట్టినవాడే. ఇద్దర్నీ కూర్చోబెట్టి "ముందు నువ్వు చెప్పు, ఇప్పుడు నువ్వు చెప్పు" అనాలంటే పావుగంట పోతుంది, ఈలోగా పోపు మాడుతుంది. న్యాయం ఖరీదు ఆ మాడిన పోపు. వీపు మీద ఒకటి వేసి వచ్చేస్తే పోపు మిగులుతుంది.

ఈ తేడాని నాకు తెలిసినంతలో అన్నిటికంటే బాగా చెప్పిన కథ మహాభారతం ఆదిపర్వంలో ఉంది. రురుడి కథ. పెద్దగా ప్రచారంలో లేదు, సినిమాగా ఎవరూ తీసినట్టు లేదు.

రురుడు ముని కుమారుడు. ప్రమద్వర అనే అమ్మాయిని ఇష్టపడ్డాడు, పెళ్ళి నిశ్చయమైంది. పెళ్ళికి కొద్ది రోజులుందనగా ఆ పిల్ల చెలికత్తెలతో ఆడుకుంటూ చూసుకోకుండా పాము మీద కాలు వేసింది. అది కాటేసింది, ప్రాణం పోయింది. రురుడు అడవిలోకి వెళ్ళి గుండె పగిలేలా ఏడుస్తుంటే ఒక దేవదూత వచ్చి, నీ ఆయుష్షులో సగం ఇస్తే ఆమె బతుకుతుందని చెప్పాడు. మారు ఆలోచన లేకుండా సగం ఇచ్చేశాడు. ప్రమద్వర నిద్రలోంచి లేచినట్టు లేచింది. పెళ్ళయింది.

ఇక్కడితో కథ ఆగిపోయుంటే ఎంత బావుండేదో! పోయిన మనిషి తిరిగొచ్చింది. ఇంకేం కావాలి? కానీ రురుడికి చాల్లేదు. పాము జాతి మొత్తాన్ని చంపుతానని ప్రతిజ్ఞ పట్టాడు. కర్ర చేతబట్టి అడవుల వెంట తిరుగుతూ కనబడిన పామునల్లా కొట్టి చంపుతున్నాడు. ఒకరోజు ముసలి డుండుభం, అంటే విషం లేని పాము, కదల్లేక పడుకుని ఉంది. కర్ర ఎత్తాడు. అప్పుడా పాము మాట్లాడింది. నేను నీకేం అపకారం చేశానయ్యా, నన్నెందుకు చంపుతావని అడిగింది. నా భార్యను పాము కరిచింది గనక, అన్నాడు. మనుషుల్ని కరిచే పాములు వేరయ్యా, మేము వేరు, పాము ఆకారం ఉందని మమ్మల్ని చంపుతావా, అంది. ఆ పాము నిజానికి శాపం తగిలిన ముని. రురుణ్ణి చూడగానే శాపం తీరి మునిగా మారి, అహింస గురించి నాలుగు మాటలు చెప్పి మాయమైపోయాడు.

ఈ కథ చదివినప్పుడల్లా నేను రెండు చోట్ల ఆగుతాను. ఒకటి, రురుడు అన్ని పాముల్నీ చంపాడు గానీ కాటేసిన పాము ఏదో కనుక్కున్నట్టు ఎక్కడా లేదు. దానికి పాపం పగ కూడా లేదు, తొక్కారు గనక కరిచింది. రెండోది నన్ను మరీ ఇబ్బంది పెడుతుంది. ప్రమద్వర ఏమైంది? సగం ఆయుష్షు ఇచ్చి బతికించుకున్న భార్య. ఆ మిగిలిన సగాన్ని ఆమెతో గడపకుండా, ఆమె పేరు చెప్పి, కర్ర పట్టుకుని అడవుల్లో తిరుగుతున్నాడు. "ఇంటికి రావయ్యా, నేను బాగానే ఉన్నాను" అని ఆమె అనుకుని ఉండదూ? కథలో ఆమెకి ఆ తర్వాత మాటే లేదు. ఎవరికోసం పగ మొదలైందో ఆ మనిషినే ముందు మర్చిపోతారు. న్యాయం అయితే ఆమె దగ్గరికి వెళ్ళి, నీకేం కావాలి అని అడగాలి కదా.

'అత్త మీద కోపం దుత్త మీద' అని మనవాళ్ళు ఊరికే అనలేదు. దుత్త పగిలితే కుండే పోయింది అనుకోవచ్చు, కానీ ఆ కోపం ఒక్కోసారి ముప్ఫై ఏళ్ళు దాగి ఉండి, ఇంటికొచ్చిన కోడలి మీద పడుతుంది. "నేను పడలేదా? మా అత్తగారు నన్ను పెట్టిన బాధల్లో ఇది ఎన్నో వంతు?" అనే మాట మనం ఎన్ని ఇళ్ళలో విన్నాం! బాధ పెట్టిన మనిషి ఫోటోగా మారి దండ వేయించుకుంటోంది. ఆమెకి ఏడాదికోసారి తద్దినం, వడలూ పరమాన్నం. బాకీ మాత్రం ఏ పాపం ఎరగని ఇరవై నాలుగేళ్ళ పిల్ల దగ్గర వసూలవుతుంది. ఆ పిల్ల కూడా డుండుభంలాగే అడగాలనుకుంటుంది, నేనేం చేశానని. పాము అడిగితే రురుడు విన్నాడు. ఇక్కడ అడిగితే 'ఎదురు మాట్లాడుతోంది' అంటారు.

ఇంకో సంగతి. మహాభారతం మొత్తం వైశంపాయనుడు జనమేజయ మహారాజుకి చెప్పిన కథ. ఎక్కడ చెప్పాడు? ఆ రాజు చేసిన సర్పయాగంలో. తండ్రి పరీక్షిత్తును తక్షకుడు కాటేసి చంపాడని, లోకంలోని పాములన్నిటినీ హోమగుండంలో పడేయిస్తున్న చోట. అంటే మన దేశంలోకెల్లా పెద్ద పగ కథని వింటున్నది పగలో నిండా మునిగి ఉన్న మనిషి! చివరికి ఏమైంది? వేలకొద్దీ పాములు కాలిపోయాయి. ఆస్తీకుడనే కుర్రవాడు వచ్చి, రాజుని మెప్పించి, వరంగా యాగాన్ని ఆపించాడు. ఆ ఆపడంతో బతికి బయటపడింది ఎవరనుకున్నారు? తక్షకుడే. కాటేసినవాడు మిగిలాడు, సంబంధం లేనివి బూడిదయ్యాయి. ఆస్తీకుణ్ణి ఆ పనికి పంపింది వాళ్ళమ్మ జరత్కారువు, వాసుకి చెల్లెలు. పుట్టింటివాళ్ళు కాలిపోతుంటే కొడుకుని కత్తితో కాదు, మాటతో పంపింది. ఇలాంటి అమ్మల పేర్లు మనకి చప్పున గుర్తురావు.

గుర్తొచ్చేది ద్రౌపది. పగ అనగానే జుట్టు విరబోసుకున్న ద్రౌపదే. కానీ నిండు సభలో ఆమె మొట్టమొదట చేసింది శపథం కాదు, అడిగింది ఒక ప్రశ్న. ధర్మరాజు ముందు ఓడింది నన్నా, తననా? తనను తాను ఓడిపోయినవాడికి నన్ను పణంగా ఒడ్డే హక్కెక్కడిది? ఎంత చక్కటి లాయరు ప్రశ్న! భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మం, చెప్పలేనమ్మా అన్నాడు. కౌరవుల్లోనే చిన్నవాడు వికర్ణుడు ఆమె పక్షాన మాట్లాడితే నోరు మూయించారు. ఆ ప్రశ్నకి ఆ రోజు ఎవరైనా జవాబు చెప్పి ఉంటే కురుక్షేత్రం దాకా వెళ్ళేదా అని నాకు అనిపిస్తుంటుంది. భీముడి భీషణ ప్రతిజ్ఞలు పుట్టింది ఆ మౌనంలోంచే. పెద్దమనుషులు తలలు దించుకున్న చోట పగ తల ఎత్తుతుంది.

తర్వాత ధృతరాష్ట్రుడు భయపడి వరాలు కోరుకోమన్నాడు. పగే కావాలనుకుంటే దుశ్శాసనుడి చెయ్యి అడగొచ్చు. ఆమె అడిగింది ఏమిటి? ధర్మరాజుని దాస్యం నుంచి విడిపించమంది, తన కొడుకుని దాసుడి కొడుకని ఎవరూ అనకూడదని. రెండో వరంగా మిగతా నలుగుర్నీ ఆయుధాలతో సహా విడిపించమంది. మూడోది ఇస్తానంటే వద్దంది. దుశ్శాసనుడి రక్తంతో తడిపిగానీ జుట్టు ముడవనన్న శపథం వ్యాసుడి సభాపర్వంలో ద్రౌపది నోట లేదు. అది భట్టనారాయణుడి 'వేణీసంహారం' నాటకం వల్ల జనంలోకి వచ్చింది. ఆమెకి కోపం లేదని కాదు సుమండీ. రాయబారానికి వెళ్తున్న కృష్ణుడి ముందు జుట్టు చేత్తో పట్టుకుని, దీన్ని మర్చిపోవద్దని చెప్పిన ద్రౌపది కూడా ఆమే. కానీ మనం నాటకాల్లో, సినిమాల్లో చూసి గుర్తుపెట్టుకున్నది రక్తాన్ని. ఆమె ప్రశ్ననీ, వరాలనీ పక్కన పెట్టేశాం.

యుద్ధమంతా అయ్యాక నిద్రపోతున్న ఆమె ఐదుగురు కొడుకుల్నీ అశ్వత్థామ చంపేశాడు. భారతంలో ఒక రకంగా, భాగవతంలో ఒక రకంగా చెప్పారు ఆ తర్వాత కథ. భారతంలో ఆమె అన్నం నీళ్ళు మాని కూర్చుంది, వాణ్ణి చంపి వాడి తలలోని మణి తెమ్మంది. చివరికి మణి తెచ్చి చేతిలో పెడితే, గురువుగారి కొడుకు, ఇక చాలు అంది. భాగవతంలో అర్జునుడు వాణ్ణి తాళ్ళతో కట్టి తెచ్చి ఆమె ముందు పడేశాడు. ఆమె వదిలేయమంది. బిడ్డలు పోయి నేను ఏడుస్తున్నట్టు వీడి తల్లి కూడా ఏడవకూడదంది. భీముడు ఒప్పుకోలేదు, చంపాల్సిందే అన్నాడు. చివరికి అర్జునుడు వాడి తలలోని మణితో పాటు జుట్టు కోసి వెళ్ళగొట్టాడు.

పోతన గారి తెలుగులో ఈ ఘట్టం వింటే ఎంతటి రాతి గుండె అయినా కరుగుతుంది. కానీ దీన్ని పట్టుకుని "చూశావా, ద్రౌపది అంతటిది క్షమించింది, నువ్వూ సర్దుకుపో" అని ఆడపిల్లలకి చెప్పేవాళ్ళతో నాకు పేచీ ఉంది. వాళ్ళు ఆ తాళ్ళ సంగతి చెప్పరు. తప్పు చేసినవాణ్ణి ముందు పట్టుకొచ్చారు. కట్టి, ఆమె ముందు నిలబెట్టారు. ఏం చేయాలో ఆమె చెప్పింది. ఆమె మాట విన్నాకే నిర్ణయం జరిగింది. శిక్ష కూడా పడింది, ప్రాణం ఒక్కటే వదిలారు. మా బంధువుల్లో ఒకమ్మాయి మొగుడి దెబ్బలు పడలేక పుట్టింటికొస్తే పంచాయితీ జరిగింది. అతను సోఫాలో కాలు మీద కాలు వేసుకుని కాఫీ తాగుతున్నాడు, ఈ పిల్ల గుమ్మం పక్కన నిలబడింది. అరగంటలో "పోనీలేమ్మా, ఈసారికి క్షమించెయ్" అని తేల్చేశారు. అతన్ని ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. క్షమించడానికి ఆ పిల్ల చేతికి ఎవర్ని అప్పగించారని? పగ వద్దు అంటే నోరు మూసుకోమని కాదు అర్థం.

కథలు వదిలి మన ఊళ్ళోకి వస్తాను. 2019 నవంబరు 27 రాత్రి హైదరాబాదు శివార్లలో, శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలి మీద జరిగిన దారుణం మనమెవరం మర్చిపోలేదు. 'దిశ' అని పిలుచుకున్నాం ఆమెని. డిసెంబరు 6 తెల్లవారుజామున పట్టుబడ్డ నలుగురినీ పోలీసులు కాల్చి చంపారన్న వార్త వచ్చింది. పోలీసుల మీద పూలు చల్లారు, ఆడవాళ్ళు రాఖీలు కట్టారు. ఆ పూలు చల్లినవాళ్ళని నేను తప్పుపట్టలేను. ఆ వారం రోజులూ ఆడపిల్ల ఉన్న ఏ తల్లీ నిద్రపోలేదు. ఢిల్లీ నిర్భయ తల్లి ఆశాదేవి గారు 2012 డిసెంబరు నుంచి కోర్టుల చుట్టూ తిరుగుతూనే ఉన్నారప్పటికి. అక్కడ ఉరి పడింది 2020 మార్చి 20న. ఏడేళ్ళు దాటింది. అంత ఆలస్యం చూశాక, అంత త్వరగా జరిగినదాన్ని న్యాయమనుకోవడంలో వింతేముంది?

అయినా నాకు రురుడి కర్రే గుర్తొచ్చింది. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు నేరం జరిగేనాటికి మైనర్లని అందులో చెప్పారు. వాళ్ళు నేరం చేశారా లేదా అన్నది ఇక ఏ కోర్టూ తేల్చలేదు. మీకూ నాకూ వాళ్ళ మీద జాలి ఉండాలని నేననను. నా బాధ ఇంకొకటి. ఆ రాత్రి అమ్మాయి కనబడ్డం లేదని కుటుంబం పోలీసుల దగ్గరికి వెళ్తే, మా పరిధి కాదంటూ తిప్పారు. ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ చేశారు కూడా. ఆ గంటల్లో వెతికి ఉంటే? అన్న ప్రశ్న డిసెంబరు 5 దాకా ప్రతి టీవీలోనూ ఉంది. 6వ తేదీ పొద్దున పూల కింద పడి అది కనిపించకుండా పోయింది. ఏడుపు ఆగిందిగా మరి.

సినిమా అయితే అక్కడితో అయిపోతుంది. కానీ మన పిల్లలు మర్నాడు కూడా రాత్రి బస్సు దిగి నడుచుకుంటూ ఇంటికి రావాలి. వాళ్ళకి పనికొచ్చేది ఆ జవాబు దొరకని ప్రశ్నే. నేరం ఎక్కడ జరిగినా, ఏ పోలీస్ స్టేషన్‌లో అయినా ఫిర్యాదు తీసుకుని తీరాలి, పరిధి తర్వాత చూసుకుంటారు. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో అది స్పష్టంగా రాసి ఉంది. ఇందులో గొడ్డలి లేదు, పాట లేదు, ఎవరూ సినిమా తీయరు. మా అమ్మాయికి 112 నంబరు పక్కనే ఈ మాట కూడా ఒక కాగితం మీద రాసిచ్చాను. "సరేలే అమ్మా" అంటూ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టింది, పాలవాడి లెక్క పక్కన.